డి-డ్రైవులో వరుడు, ఇ-డ్రైవులో వధువు

శాంతికుమార్ బావకు జూలూరుపాడు సంఘ కార్యదర్శి వందనాలతో రాయునది.

ఏ ఫిర్యాదైనా ముందు రాతపూర్వకంగా చేసి, తర్వాతే ఫోను చేయడం పద్ధతి కనుక ఈ ఉత్తరం.

నువ్వు చర్చి కంప్యూటరులో విండోస్ మళ్లీ ఎక్కించి, డి, ఇ అని రెండు ఖాళీ డ్రైవులు చేసి, "మీకు నచ్చినట్టు సర్దుకోండ్రి" అని వెళ్లిపోయావు. పెద్దలు సమావేశమై, ఆరాధనలో కూర్చునే వరుసనే ఖాయం చేశారు. మగవారు డి, ఆడవారు ఇ. ఆ ప్రకారమే పెళ్లి ఫొటోలను నేను మధ్యకు కత్తిరించి సర్ది, అసలువి తుడిచేశాను.

నిన్న నర్సు హెప్సిబా వచ్చింది. భర్త షాలేమ్‌రాజు ఉండే కారేపల్లికి బదిలీ కావాలంటే, సోమవారంలోగా జంట ఫొటోతో పెళ్లి ధ్రువపత్రం ఇవ్వాలట. ప్రింటు తీస్తే షాలేమ్‌రాజు ఒక్కడే దండతో వచ్చాడు.

"ఏంది చిన్నాయనా, ఈయన ఒక్కడే చేసుకున్నడా పెళ్లి? భుజం మీద చెయ్యి మాత్రం నాదే" అన్నది.

రెండు ముక్కలూ కలుపుదామంటే సంఘ పెద్ద జకర్యా ఒప్పుకోలేదు. "ఆడోళ్ల వరుసల మగోడు ఎట్ల కూసుంటడయ్యా?"

కాబట్టి ఆదివారంలోగా వచ్చి, తుడిచిన ఫొటోలు వెలికితీసి, దంపతులకు మూడో డ్రైవు ఏర్పాటు చేయగలవు. అంతవరకు షాలేమ్‌రాజుకూ, హెప్సిబా కుడిచేతికీ మాత్రమే పెళ్లయినట్లు పరిగణించబడును. ఈ నియమమే తుదిది.