మగ్గాల వీధి చెవులు

మార్చి 4
నాన్నా నేనూ మరమగ్గాల షెడ్డులో పని ముగించుకుని వచ్చాం. ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటే ఏమీ వినబడలేదు. ఛార్జింగ్ అయిపోయిందేమో అని చూశాను. ఫుల్‌గా ఉంది.

మార్చి 5
మళ్లీ చూశాను. లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి. నాకు అదే చేతకాదు. అందుకే ఇక్కడ టైప్ చేసుకుంటున్నా.

మార్చి 11
దేశం మొత్తంలో ఎంతమందికి చెవుడు ఉందో లెక్క తీస్తున్నారట. అందరినీ చూడరు, లాటరీ వేసి కొన్ని వీధులు తీస్తారు. మా వీధి వచ్చింది. టెస్ట్ చేసే మేడమ్ వచ్చి చెప్పింది. తేడా ఉంటే పెద్దాసుపత్రికి పంపుతారట. నా వయసు వాళ్లను మగ్గాల మోతకు దూరంగా ఉంచితే మిగిలిన వినికిడైనా నిలుస్తుందట.

షెడ్డు మేస్త్రి నవ్వాడు. మాకెందుకమ్మా ఈ లెక్కలు, చెవిటివాడి ముందు శంఖం ఊదడం కాకపోతే అన్నాడు. నాన్న ఊరుకోలేదు. నీ సంగతి చెప్పుకో, నావి పాము చెవులు, నా కొడుకువీ అవే అన్నాడు.

తల ఊపాను. టెస్ట్ మిషనే చెప్పేస్తుందిలే, నేను చెప్పక్కర్లేదు అనుకున్నా.

మార్చి 13, మధ్యాహ్నం
పాసయ్యాను.

మా గది చిన్నది. మేడమ్ మంచం మీద, నేను ఎదురుగా కుర్చీలో. ఆమెకిదే మొదటి ఉద్యోగమట. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టింది. కూత వినబడితే వేలెత్తాలి. ఎడమ చెవి వంతులో ఆమె బొటనవేలు మిషన్ బటన్ మీద కదిలింది. నా వేలు లేచింది. వినలేదు. చూశాను. షెడ్డులో మోతకి మాటలు వినబడవు, పెదాలూ చేతులూ చూస్తేనే పని నడుస్తుంది. ఇంటికొచ్చినా అంతే. మా వీధిలో ఎవరూ పిలవరు, భుజం తడతారు. వేలు ఆపుదామనుకున్నా. ఆగలేదు.

నాన్న పాస్. అదే షెడ్డులో నూలు కండెలు చుట్టే అమ్మ పాస్. మేస్త్రి కూడా పాస్, పక్కన సిలిండర్ పేలినా వెనక్కి తిరగడు ఆయన. వీధంతా పాస్. మేడమ్ మెచ్చుకుని వెళ్లిపోయింది.

మార్చి 14
షెడ్డు.

మార్చి 15
షెడ్డు. కుడి చెవిలో సన్నగా ఈల. మిగిలింది ఇదొక్కటే.

మార్చి 20
మేడమ్ మళ్లీ వచ్చింది, మొహం మాడ్చుకుని. దేశంలో ఎక్కడా లేని చెవులు మగ్గాల వీధిలోనే ఉన్నాయా అని ఆఫీసులో నవ్వారట. ఇవే అంకెలు పైకి పోతే మగ్గాల వాళ్లకి ఏ నష్టమూ లేదనుకుంటారట.

ఈసారి కుర్చీ గోడవైపు తిప్పింది.

ముందు నాన్న కూర్చున్నాడు, నవ్వుతూ. మేడమ్ నొక్కింది. నొక్కుతూనే ఉంది. నాన్న వేలు మోకాలి మీద రెడీగా ఉంది. లేవలేదు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి నాన్న గోడనే చూస్తూ, ఎప్పుడు మొదలెడతారమ్మా, పనికి టైమవుతోంది అన్నాడు.

మేడమ్ అప్పటికే మిషన్ ఆపేసింది. నేను వెళ్లి భుజం తట్టాను. అయిపోయిందా, పాసేనా అన్నాడు.

మార్చి 20, తర్వాత
నా వంతు. కిటికీ వెలుగుకి మేడమ్ చేతి నీడ గోడ మీద పడింది. బొటనవేలు స్పష్టంగా కనబడుతోంది.

కళ్లు మూసుకున్నాను.