ముట్టుకోకుండా పది రోజులు

ఏప్రిల్ 8, 1946. సోమవారం. పుత్తూరు.

ఉదయం 6. కాలు విరిగి నా దగ్గర కట్టు కట్టించుకున్న మద్రాసు షావుకారు ఒకాయన ఈ డైరీ ఇచ్చి పోయాడు. మూడు నెలల పేజీలు ఖాళీ. పోనీ. ఈ రోజు రాయడానికి విషయం ఉంది!

తీర్మానం: మట్టితో, రాగి తీగతో, నా చేత్తో, మా ఆవిడ ఆనందమ్మకు పతకంతో హారం చేస్తాను. మే 2న సత్యవేడులో ఆమె తమ్ముడి పెళ్లి. ఆలోపు మెడలో ఉండాలి.

కారణం కూడా రాయాలి కాబోలు. ఉగాది నాడు ఆమె మెడలోని పాత మట్టి పతకం తాడు గట్టిగా ఉందా అని లాగి చూశాను. గట్టిగా లేదు. పతకం బండ మీద పడి నుగ్గయింది. ఆమె ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ తిరుమలమ్మ చేసిచ్చిన మామిడి పిందె అది. వెనక ఆవిడ బొటనవేలి గుర్తు ఉండేది. ఆవిడ పోయి నాలుగేళ్లు.

ఆనందమ్మ ఒక్క మాట అనలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి మెడ దగ్గరికి పోతుంది. వెతుక్కుని దిగిపోతుంది. తిట్టినా బాగుండేది.

ఇరవై ఏళ్లుగా విరిగిన ఎముకలు కూర్చిన చెయ్యి నాది. పిడికెడు మట్టి ఒక లెక్కా!

ఏప్రిల్ 9

కావలసినవి: రాగి తీగ, మూడు మూరలు (స్టేషన్ దగ్గర మిలిటరీ పాత సామాన్ల అంగడిలో దొరికింది). మట్టి (కుమ్మరి గురప్ప ఇచ్చాడు). ఓపిక (ఉంది).

గురప్ప ఊరికే ఇవ్వలేదు, బోధ కూడా చేశాడు. "నీడన పెట్టు సామీ. పది దినాలు ముట్టుకోవద్దు. కట్టు కట్టి నువ్వు జనానికి చెప్తావే, అట్లా. ఎండినాక తీసుకురా, కుండలతో పాటు కాల్చిస్తా."

"నాకే చెప్తావా గురప్పా!" అని నవ్వాను.

సాయంత్రం 4. పతకం అయిపోయింది! పైన తీగకు బెజ్జం కూడా పెట్టాను. వంటింటి గూట్లో పెట్టి బుట్ట బోర్లించాను. ఆనందమ్మ వంగి చూసి, "వంకాయా?" అంది.

ఏప్రిల్ 10

ఉదయం 6. చూశాను. తడిగా ఉంది.

7. తడిగానే ఉంది.

9. అంచు ఆరిందేమో అని ఒక్క వేలితో నొక్కాను. ఆరలేదు. గుంట పడింది.

9.15. గుంట పూడ్చాను. అందుకోసం అవతలి వైపు పట్టుకోవలసి వచ్చింది.

11. ఇప్పుడు నిజంగానే వంకాయ.

దీన్ని లెక్కలోకి తీసుకోను. రేపు కొత్తది.

ఏప్రిల్ 15

గొలుసు పూర్తయింది! తీగను పుల్లకు చుట్టి, కత్తిరించి, రింగులో రింగు దూర్చాను. తీగ మంచిది. దానికి ఎండే పని లేదు.

రెండో పతకాన్ని నాలుగు రోజులు ముట్టలేదు. (మూడున్నర.) నీడలో ఎండటం మరీ ఆలస్యం కదా, పది నిమిషాలు ఎండ చూపిద్దామనుకున్నాను. అంతలో బండిలో ఒక కాలు వచ్చింది. కట్టు కట్టి చేతులు కడుక్కునేసరికి రెండు గంటలు గడిచాయి. పతకం అడ్డంగా పగిలింది.

తప్పు నాది కాదు. ఎండది.

ఏప్రిల్ 17

వడమాలపేట మునెయ్యకు ముంజేయి విరిగితే పోయిన వారం కట్టి పంపాను. ఐదో రోజే ఇప్పుకుని వచ్చాడు. నాకు మండిపోయింది.

"ముట్టుకోవద్దని చెప్పినానా లేదా? ఎందుకు ఇప్పినావప్పా?"

"అతుక్కునిందేమో సూద్దామని సామీ."

"నువ్వు సూస్తే అతుక్కుంటాదా? దాని పని దాన్ని చేసుకోనియ్యి!"

లోపల ఆనందమ్మ దగ్గింది. ఆమెకు జలుబేమీ లేదు.

ఏప్రిల్ 18

మూడోది. పదునుగా, అందంగా వచ్చింది. గూటి తలుపుకు తాళం వేసి తాళంచెవి ఆనందమ్మ చేతికిచ్చాను. పద్దెనిమిదీ పదీ ఇరవై ఎనిమిది. కాల్చడానికి ఒక రోజు. సరిగ్గా సరిపోతుంది!

ఏప్రిల్ 22

ఉదయం 8. ఉప్పు కావాలని తాళంచెవి అడిగాను.

"ఆ గూట్లో ఉప్పు యాడుండాదయ్యా?" అంది. అయినా ఇచ్చింది, నవ్వుతూనే.

8.05. ఎండితే మోగాలి కదా అని గోటితో తట్టాను. మోగింది. మోగి రెండు ముక్కలైంది.

10. ఇంకోటి చేస్తే ఎండేసరికి పెళ్లి రోజు. కుదరదు. మనసు బాగాలేదు.

11. ఎంత మతిలేనివాణ్ణి! విరిగింది కూర్చడమే కదా నా వృత్తి!

12. తెల్లసొన, మినప్పిండి, గుడ్డ పీలిక, అగ్గిపుల్లంత వెదురు బద్దలు రెండు. పతకానికి పుత్తూరు కట్టు. పైన తీగ చుట్టి గొలుసుకు తగిలించాను. ముట్టుకున్నా ఇక భయం లేదు.

ఏప్రిల్ 30

రేపు సత్యవేడుకు ప్రయాణం. కట్టు విప్పే ధైర్యం లేదు. "ఇంకా కూడలేదేమో, ఇంట్లోనే పెట్టి పోదాం" అన్నాను. ఆనందమ్మ తీసుకుని, కట్టుతోనే మెడలో వేసుకుంది.

"తీసెయ్యి. నవ్వుతారు."

"నవ్వనీ."

మే 3

నవ్వారు. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు మొదలుపెట్టాడు. "ఏమక్కా, మెడ విరిగిందా?"

"మెడ కాదురా, మీ బావ చేసిన పతకం. ఆయనే కట్టినాడు."

మూడు పూటలూ వంటవాళ్ల వెనకే కూర్చున్నాను.

మే 4

కట్టు విప్పాం. మినప్పిండి రాయిలా ఉంది. మట్టి మాత్రం పొడిపొడి.

ఆనందమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. "అమ్మ వేలి గుర్తయ్యా అది. నువ్వెన్ని చేసినా అది రాదు."

నెల రోజుల తర్వాత బయటికొచ్చిన మాట. నాకు తల ఎత్తాలనిపించలేదు. "తప్పయింది ఆనందా. లాగకుండా ఉండాల్సింది" అన్నాను. నెలంతా మట్టి పిసికాను గానీ ఈ మాట అనలేదు. ముందు ఇది అనవలసింది.

మే 6. సోమవారం.

ఉదయం 7. గురప్ప దగ్గర మళ్లీ మట్టి తెచ్చాను. చెయ్యి పెట్టబోతే ఆనందమ్మ "నువ్వుండు" అని తనే పిసికింది. మామిడి పిందె చేసి, వెనక్కి తిప్పి, బొటనవేలు నొక్కింది. చాలాసేపు చూసుకుంది. "అమ్మదీ ఇట్లే, పక్కకి వాలి ఉండేది" అంది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది. ఈసారి మట్టి అంటుకుంది.

7.30. పతకం మీద బుట్ట బోర్లించి, వెదురు బద్దలూ గుడ్డా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా కుడి బొటనవేలూ చూపుడువేలూ కలిపి కట్టేసింది. ఇన్నేళ్లు చూసి నేర్చుకున్నట్టుంది, కట్టు చక్కగా కుదిరింది.

"పది దినాలు ఇప్పొద్దు. ఇప్పితే వంకర పోతాది" అంది. ఈ పది రోజులూ నేను చెప్తుంటే వచ్చినవాళ్లకు తనే కడుతుందట.

10. మునెయ్య చెయ్యి చూపించుకోవడానికి వచ్చి నిలబడిపోయాడు. "మీకేమైంది సామీ?"

"ముట్టుకున్నాడు" అంది ఆనందమ్మ.

ఎడమ చేత్తో రాస్తున్నాను. తీర్మానం: పది రోజులు పతకం ముట్టను. ఇది మొదటి రోజు.

సాయంత్రం 5. ముట్టలేదు!

5.30. ముట్టలేదు. బుట్ట మాత్రం కొంచెం ఎత్తి చూశాను. ఎడమ చేతికి కట్టు లేదు కదా.