పత్తిమిల్లు వైపు తిప్పిన యాంటెన్నా

ఆదోని, 1985 ఆగస్టు 1, గురువారం

రేడియోలు బాగుచేసే ఖాదర్ ఈరోజు మా స్కూలు మిద్దెమీద నుంచి పిల్లల చేత అంతరిక్ష నౌకలో తిరుగుతున్న వ్యోమగామితో మాట్లాడించాడు. వైర్‌లెస్ లైసెన్సు చూపించినా నాకు నమ్మకం కలగలేదు. వాళ్ల తమ్ముడే పత్తిమిల్లులో కూర్చుని మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను. యాంటెన్నా పట్టుకునే పని నాదే.

పైనుంచి మా ఊరు కనపడుతుందా అని నా క్లాసు పిల్ల షమీమ్ ఇంగ్లీషులో అడిగింది. జవాబు మొదలవగానే, తమ్ముడే అయితే ఇంకా గట్టిగా వినపడాలని యాంటెన్నాను మిల్లు వైపు తిప్పాను. రేడియోలో గొంతు ఆగిపోయింది. మళ్లీ ఆకాశం వైపు తిప్పేసరికి ‘గుడ్ బై’ ఒక్కటే వినిపించింది.

"మన ఊరు దాటిపోయినాడు సార్, ఇంగ దొరకడు" అన్నాడు ఖాదర్.

షమీమ్ మెల్లగా నా దగ్గరకొచ్చింది. "సార్, ఆయప్ప నిజంగా పైనే ఉండాడా? ఖాదరన్న మనల్ని ఆడిస్తాండాడా?"

"పైనే ఉన్నాడమ్మా."

నమ్మలేదు. పొద్దున నేను ఖాదర్‌ను చూసిన చూపుతోనే నన్నూ చూసింది.