తమ్ముడి చేతుల వణుకు

తమ్ముడూ,

ఆదివారం ప్రార్థనలో నీ చేతులు మళ్ళీ వణికితే, ఆత్మ దిగిందని మందిరమంతా చప్పట్లు కొట్టింది. బోధకుణ్ణి కాబట్టి నన్ను ఆ మాట ప్రకటించమన్నారు. నోరు విప్పితే ఆపడం రాని నేను ఆ రోజు నోరు విప్పలేదు.

కారణం మరదలు. ముందురోజు నాకు టీ ఇస్తూ, "ఈయనకి గ్లాసు పట్టుకున్నా ఆత్మ వస్తోంది బావగారూ, టీ సగం చొక్కా మీదే" అని నవ్వింది.

అప్పుడు మీ వంటగది చూశాను. రాతిపొడిలోని బంగారాన్ని పాదరసంతో ముద్ద చేసి, ఆ ముద్దను వంట పెనం మీద కాలుస్తున్నావు. ఇరుగుపొరుగు చూస్తారని కిటికీలు మూస్తున్నావు. ఆ పాదరసం ఆవిరి ఎక్కడికి పోతుంది? మీ ఇద్దరి ఊపిరిలోకి, ఆమె కడుపులోని బిడ్డలోకి. నీ చేతుల వణుకు ఆ విషానిదే. జనం పూజించిన బంగారు దూడను పొడి చేసి, నీళ్ళలో కలిపి వాళ్ళ చేతే తాగించిన సంగతి గ్రంథంలో ఉంది. అది వాళ్ళకు పడిన శిక్ష. నువ్వు అడిగి మరీ తెచ్చుకుంటున్నావు.

ఈ ఉత్తరం అందగానే పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి, మరదల్ని మా ఇంటికి పంపు. సోమవారం పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాను. గ్రంథం తీసుకురాను. నిన్ను పట్టుకోవడానికి నాకు రెండు చేతులూ కావాలి.

అన్నయ్య