ఈదన్న వింటికి బజారు బాణం

ఈదన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా చేతికిచ్చి పోయిన నీ వెదురు విల్లు మొన్న మైదుకూరు ప్రదర్శనలో విరిగింది. విలువిద్యపై పుస్తకం రాసిన మహానుభావుడొకడు దానికి బజారులో కొన్న బాణం తొడిగాడు. నువ్వైతే ప్రతి బాణాన్నీ వేలిపై నిలిపి తూకం, వంచి బిగువు చూడనిదే తొడిగేవాడివి కావు.

"ఇంత గట్టి వింటికి ఆ పుల్ల చాలదప్పా, దెబ్బ తిరిగి వింటికే తగులుతాది" అన్నాను.

"తేలికైతేనే దూరం పోతాది పెద్దాయనా, నీకేం తెల్సు?" అన్నాడు.

బాణం మెలికలు తిరిగి షామియానాలో గుచ్చుకుంది. విల్లు రెండు ముక్కలైంది. "పాతది కదా" అన్నాడా పండితుడు.

నీ తమ్ముడు అడిగినప్పుడు పాడుచేస్తాడని ఇవ్వలేదు నేను. పుస్తకాలు చదివినవాణ్ణి కదా, పుస్తకం రాసినవాణ్ణి నమ్మాను. నిన్న ఆ ముక్కలు నీ తమ్ముడికి చూపించాను. నన్ను తిట్టలేదు.

"ఏం బాణం పెట్టినారప్పా దీనికి?" అని మాత్రం అడిగాడు.