పచ్చ చుక్క

జూన్ 24, మంగళవారం

సైట్ లైవ్‌కి పెట్టేశాను. నొక్కే ముందు మూడుసార్లు సరిచూసుకున్నాను. ఇంటి నుంచి చేసే ఆఫీసు పనిలో రోజూ ఎవరెవరి కోడో ప్రొడక్షన్‌కి పంపుతుంటాను, అప్పుడేమీ అనిపించదు. ఇది నాది కదా.

నాయన మెడికల్ షాపు వెనక గదిలో పాత ల్యాప్‌టాప్ ఉంది. రెండు జీబీ ర్యామ్. పెద్ద సర్వర్ వేస్తే మోయలేదు, అందుకని లైటీ అనే చిన్న వెబ్ సర్వర్ వేశాను. పొద్దున్నంతా 403, లోపలికి రానివ్వననే ఎర్రర్. అది పోయాక 500, లోపల ఏదో చెడిందని. ఎర్రర్ లాగ్ రెండు గంటలు చదివితే తేలింది, ఫోల్డర్ పర్మిషన్ తప్పు. ఒక్క లైన్ కొడితే పేజీ వచ్చింది. నాయన తొంగి చూసి, ఇంతదానికి అన్నం గూడా మానేసినావా అన్నాడు.

గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా పదకొండు ఆస్పత్రులు. పాము కాటు ఇంజక్షన్ ఎక్కడుందో చూపించడమే దీని పని. ఉంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. నొక్కితే దారి చూపిస్తుంది. రోజూ పొద్దున ఒక్కో ఆస్పత్రి నుంచి ఒకరు ఎన్ని ఉన్నాయో ఫారంలో నింపుతారు. వానలు మొదలయ్యాయి. పొలాల్లో, జీవాల వెంట తిరిగేవాళ్లకు పనికొస్తుందని మొదలుపెట్టాను. ఇప్పుడేమో భయమేస్తోంది.

జూన్ 26

రంగనాయకమ్మ గారు ఫోన్ చేసి మొత్తుకున్నారు. అడవి దారిలో ఉన్న చిన్న ఆస్పత్రిలో ఆమె ఫార్మసిస్ట్, రిటైర్మెంట్‌కి రెండేళ్లుంది. ఆమె పన్నెండు అని తెలుగులో రాస్తే ఫారం ఒప్పుకోవడం లేదట. నీ పెట్టె అంకెలే తింటాదా ఏంది, మాటలు తినదా అని అడిగారు. అంకెల బాక్స్ తీసేసి ఏదైనా రాసుకునేలా మార్చాను. లేవు, అయిపోయినాయి, ఖాళీ అని ఉంటే ఎరుపు. ఉన్నాయి, ఫుల్ అని గానీ పన్నెండు లాంటి లెక్క గానీ ఉంటే పచ్చ. ఏదీ కాకపోతే నాకు మెసేజ్.

జూన్ 27

మస్తానయ్య గారు, కంభం వైపు ఆస్పత్రి ఆయన, ఫ్రిజ్ నిండుగా పెట్టినాం అని రాశారు. ప్రోగ్రాంకి అర్థం కాక నాకు మెసేజ్ వచ్చింది. పచ్చ మాటల్లో నిండు అని చేర్చాను. అర నిమిషం పని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జూన్ 28, శనివారం

ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో లింక్ వేశారు. పదింటికల్లా 503, సైట్ మోయలేకపోతోందని. ఒకేసారి అంతమంది వస్తే పాపం ఆ ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది. సర్వర్‌లో పని పంచుకునే వర్కర్లు పెంచితే ర్యామ్ చాలలేదు, తగ్గిస్తే క్యూ పెరిగింది. చివరికి పేజీని అయిదు నిమిషాలకొకసారి మాత్రమే కొత్తగా తయారయ్యేట్టు పెట్టాను. నలభై నిమిషాలకు సైట్ నిలబడింది.

ఆ నలభై నిమిషాల్లో ఎవరికైనా అవసరం పడి ఉంటే? అమ్మ అన్నం పెడుతూ, నీకు లేని భయం లేదు అంది.

జూలై 1

మూడు రోజులుగా ఒక్క ఎర్రర్ లేదు. అదేంటో, అదీ భయంగానే ఉంది.

జూలై 3, గురువారం, ఉదయం 8:20

రాస్తే కుదురుకుంటానేమో.

టిఫిన్ తింటుంటే అమ్మ వంటింట్లోంచి, బియ్యం నిండుకున్నాయి, మీ నాయనకు చెప్పు అంది. సరే అన్నాను. ఇంకో ముద్ద తిన్నాను. అప్పుడు తగిలింది ఆ మాట.

నిండుకున్నాయి. అంటే అయిపోయాయి. ఇంట్లో బియ్యాన్ని, ఉప్పును లేవు అనకూడదని అట్లా అంటాం. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. నేనే అంటాను. నా ప్రోగ్రాం మాత్రం నిండు అని కనిపిస్తే పచ్చ చుక్క పెడుతుంది.

చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా షాపుకి పరిగెత్తాను. సైట్‌కి వచ్చిన ప్రతి మాటా రాసుకునే యాక్సెస్ లాగ్‌లో నిండు అని వెతికాను. రంగనాయకమ్మ గారి ఆస్పత్రి. జూన్ 30 నుంచీ రోజూ అదే మాట: ఇంజక్షన్లు నిండుకున్నాయి. నాలుగు రోజులుగా పచ్చ చుక్క.

ఎరుపు చేశాను. నిండు కంటే ముందు నిండుకు అనే మాట చూసి, ఉంటే ఎరుపు పెట్టేట్టు రాశాను. పేజీ మూడుసార్లు రీఫ్రెష్ చేసి చూశాను. ఎర్రగానే ఉంది.

ఉదయం 9:05

ఆ చుక్క ఎవరెవరు నొక్కారో కూడా లాగ్‌లో చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఈ నాలుగు రోజుల్లో ఆ చుక్క నొక్కి దారి చూసింది ఏడుసార్లు. ఆరు నేనూ, ఆస్పత్రులవాళ్లూ. ఏడోది నిన్న, బుధవారం, ఉదయం 11:18. ఎవరిదో మొబైల్.

మధ్యాహ్నం

రంగనాయకమ్మ గారికి ఫోన్ చేశాను. నిన్న ఎవరైనా వచ్చినారా అని ఊరికే అడిగినట్టు అడిగాను. వచ్చినారు అన్నారు. మల్లి అని ముప్పై ఏళ్ల పిల్ల, అర్ధవీడు వైపు. గొర్రెలకు కొమ్మలు కొడతా ఉంటే కాలి మీద పాము కరిచిందంట. మొగుడు ఆటోలో ఎత్తుకొచ్చినాడు. తన దగ్గర మందు లేదు, అంబులెన్స్ పిలిపించి మార్కాపురం పెద్దాసుపత్రికి పంపినారు. నేరుగా పోయుంటే గంట కలిసొచ్చేది, ఎవరు చెప్పినారో ఏమో ఇక్కడికి తెచ్చినారు అని బాధపడ్డారు.

ఎవరు చెప్పారో నాకు తెలుసు. మందును లేదని ఎందుకు రాయలేదు అని మాత్రం అడిగాను. ప్రాణం పోసే మందును లేదు అనగూడదమ్మా అన్నారు.

జూలై 4

నాయనతో చెప్పేశాను. లేచి షాపు షట్టర్ సగం దించాడు. తర్వాత ఆ ల్యాప్‌టాప్ ఆపెయ్, ఎవురికీ చెప్పాకు, షాపు పేరు బయటికొస్తే బతకలేం అన్నాడు. ఆయన్ని అట్లా భయపడగా ఎప్పుడూ చూడలేదు.

చెప్పకపోతే తెలిసే దారి లేదు. నా ఫారం ఏ రోజుకారోజు పాత మాట చెరిపేస్తుంది. రంగనాయకమ్మ గారు రాసింది ఇక యాక్సెస్ లాగ్‌లోనే ఉంది. లాగ్ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి తనంతట తనే పోయేట్టు నేనే పెట్టాను, డిస్క్ నిండిపోకుండా. నేను వేలు కూడా కదపనక్కర్లేదు.

ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ పొద్దున్నుంచీ ఆదివారం ఎప్పుడొస్తుందా అనే చూస్తున్నాను.

జూలై 5, శనివారం

మార్కాపురం పోయి వచ్చాను. ఇంట్లో ఫ్రెండ్ దగ్గరికని చెప్పాను.

మల్లి వెంటిలేటర్ మీద ఉంది. బతికి ఉంది. బయట బెంచీ మీద ఆమె భర్త అంకయ్య. పక్కన కూర్చున్నాను. నేనూ ఎవరి కోసమో వచ్చాననుకుని, ఇడ్లీ పొట్లం నా వైపు జరిపాడు. ఆయనే చెప్పాడు. తనకు చదువు రాదంట, ఫోన్లో పచ్చ రంగు చూసి పోయినాడంట. డాక్టరు ఇంకో రెండు రోజులు చూడాలన్నాడంట, మందు ఆలస్యంగా పడిందన్నాడంట.

ఫోన్లో పచ్చగా ఉంటే ఆ ముసల్ది లేదనింది, యాడికో అమ్ముకోనుంటాది అన్నాడు. మల్లి అన్నలు సోమవారం పోయి అడుగుతారట. ఊరికే అడగరంట.

అప్పుడే చెప్పాల్సింది. ఆయన ఇచ్చిన ఇడ్లీ తిన్నాను. బస్సెక్కి వచ్చేశాను. నేనింత పిరికిదాన్నని నాకు తెలీదు.

జూలై 6, ఆదివారం, ఉదయం 10:30

రంగనాయకమ్మ గారి ఫోన్. అన్నలు సోమవారం దాకా ఆగలేదు. నిన్న సాయంత్రమే ఇద్దరు ఆమె ఇంటి ముందుకొచ్చి తిట్టి పోయారట, రేపు ఆస్పత్రికి పదిమందితో వస్తామన్నారట. ఆమె ఏడవలేదు. అమ్మాయ్, నేను రోజూ నిజమే రాసినా గదా, నీ దాంట్లో ఉంటాది, తీసి వాళ్లకు చూపించు అన్నారు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఒక మాత్ర గూడా అటూ ఇటూ కాలేదు అన్నారు.

ఉదయం 11:40

లాగ్ కాపీ తీసుకున్నాను. రెండు చోట్ల. ప్రింటు కూడా తీశాను. ఆమె రాసిన మాట శాతం గుర్తులూ అంకెలూ కలిసి పిచ్చి గీతల్లా ఉంది. మామూలు తెలుగులోకి మార్చి కింద రాశాను.

సైట్ మొదటి పేజీ మార్చాను. జూన్ 30 నుంచి జూలై 3 దాకా ఈ పేజీ అబద్ధం చెప్పింది. రంగనాయకమ్మ గారు నిజమే రాశారు. తెలుగు మాట చదవడం నా ప్రోగ్రాంకి రాలేదు, ప్రోగ్రాం రాసింది నేను. వర్షిణి, ఉమామహేశ్వర్లు గారి కూతురు, గిద్దలూరు. కింద నా ఫోన్ నంబరు.

సేవ్ కొట్టి నాయనకు చూపించాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. షాపు పేరు గూడా రాయి, నీ ఒక్కదాని మీదే ఎందుకు పడాల అన్నాడు. ఏడ్చేశాను.

తర్వాత గుర్తొచ్చింది. అంకయ్యకు చదువు రాదు.

జూలై 7, సోమవారం, ఉదయం 9:10

మొదటి బస్సుకే మార్కాపురం వచ్చాను. అంకయ్యకు నోటితో చెప్పాను. ఆస్పత్రి పేరు, మాట, చుక్క, తప్పు నాది అని. ప్రింటు చేతిలో పెట్టాను. కొడతాడేమో అనుకుని కళ్లు మూసుకున్నాను.

కొట్టలేదు. అన్నలకు ఫోన్ చేసి, ఆయమ్మ జోలికి పోవాకండి అన్నాడు. మల్లి ఇంకా లేవలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుంటూ అడిగాడు, పచ్చ రంగు చూసి పొమ్మని మా ఊర్లో అందరికీ నేనే ఆ లింకు పంపినా, వాళ్లకెవురు చెప్తారు అని.

10:25

అంకయ్య వాళ్ల ఊరి బస్సులో ఉన్నాను. పచ్చ చుక్కను గుడ్డిగా నమ్మొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. ముందు ఏ తలుపు కొట్టాలో తెలీదు.