మీ చీఫ్ రిట్రాక్టర్ పట్టుకున్నాడు

ట్రాయ్, 1989 చలికాలం

ఏమండీ,

ఈ ఉదయం మా ఆపరేషన్ థియేటర్‌లో జరిగింది చెబితే మీరు నమ్మరు. రాత్రంతా డ్యూటీ చేసిన రెసిడెంట్ డాక్టర్ సునీత, కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడే కునుకు తీసింది, అచ్చం మీలాగే. అప్పుడే లోపలికొచ్చాడు మీ పాత చీఫ్. అలిసిపోయానంటే సర్జరీ మానేయమనేవాడే, ఆయనే! నర్సులందరం తిట్లకు సిద్ధపడ్డాం. ఆయన చేతులు కడుక్కొచ్చి ఆ రిట్రాక్టర్ తనే అందుకున్నాడు.

"ఇంటికెళ్లు. ఇరవై నాలుగు గంటలు దాటితే పంపేయాలి, ఇప్పుడు అదే రూలు," అన్నాడు. ఆపరేషన్ ముగిసేదాకా అంత పెద్ద మనిషి జూనియర్‌లా కదలకుండా నిలబడ్డాడండీ!

మేం బయటికొచ్చేసరికి, తన పేషెంట్లనీ బీపర్‌నీ ఇంకొకరికి అప్పజెప్పి సునీత బ్యాగులోంచి కారు తాళాలు తీస్తోంది.

"నేను ఓకే ఆంటీ, డ్రైవ్ చేసుకుని వెళ్లిపోతాను," అంది.

ఆ చివరి పొద్దున, రాత్రి డ్యూటీ దిగి మీరూ అదే మాట చెప్పి బయల్దేరారు. మన ఇంటికి చేరలేదు.

చీఫ్ తాళాల కోసం చెయ్యి చాపాడు. తనే టాక్సీ పిలిచి, మంచులో థియేటర్ బట్టలతోనే నిలబడి ఎక్కించాడు. టాక్సీ మలుపు తిరిగాక నా వైపు చూసి, ఎప్పుడూ "శ్రీ" అని కుదించి పిలిచే మీ పేరును పూర్తిగా పలికాడు.

శ్రీనివాసరావు. ఒక్క అక్షరం పొల్లు పోలేదండీ.